మెట్ల మీది చదువు

బొమ్మల ప్రదర్శన కోసం గోడలకు మేకులు కొట్టుకోవడానికి అనుమతి ఇవ్వమని పద్మలత లైబ్రరీ కమిటీకి మూడు ఉత్తరాలు రాసింది. మొదటి రెండింటికీ జవాబు రాలేదు. మూడో దాంట్లో, ప్రారంభోత్సవానికి పత్రికలవాళ్లు కూడా వస్తారని ఒక వాక్యం చేర్చింది. మర్నాడు పొద్దున్నే కమిటీ అధ్యక్షుడు ఓంప్రకాశ్ ఫోన్ చేశాడు.

“బొమ్మల ఎగ్జిబిషన్ అంటే ముందే చెప్పొద్దా మేడం? మంచి పని. జబర్దస్త్ చేద్దాం. ఓపెనింగ్ నేనే చేస్త, ఆదివారం పెట్టుకో.”

ముందే చెప్పానని పద్మలత అనలేదు. తొమ్మిదేళ్లుగా అక్కడ లైబ్రేరియన్‌గా ఉన్న మనిషికి, ఏ మాట అనాలో కన్నా ఏ మాట మింగాలో బాగా అలవాటైంది.

సుబేదారిలో ఆఫీసులున్న పెద్దరోడ్డు దాటి లోపలికి వెళ్తే బొల్లం నర్సమ్మ స్మారక గ్రంథాలయం వస్తుంది. నర్సమ్మకు చదువు రాదు. వరంగల్‌లో బట్టల వ్యాపారం చేసిన ఆమె భర్త, ఆమె పోయాక, ఆమె పేరు మీద సొంత జాగాలో ఈ లైబ్రరీ కట్టించాడు. అప్పుడే ఉత్తరం వైపు ఒక గది వేరుగా వేయించి, అది ఆడవాళ్లు కూర్చుని చదువుకోవడానికేనని దస్తావేజులో రాయించాడు. తర్వాత ఆయనా పోయాడు. లైబ్రరీ కమిటీ చేతికి వచ్చింది, కమిటీ ఓంప్రకాశ్ చేతికి వచ్చింది. ఆయనకు హనుమకొండ చౌరస్తాలో ఫ్యాన్లు, కూలర్ల దుకాణం ఉంది.

నాలుగేళ్ల కిందట ఒక ఎండాకాలం, “పది రోజులే మేడం, మా గోదాం రిపేర్ల ఉన్నది,” అని చెప్పి ఆయన కూలర్ల అట్టపెట్టెలు తెచ్చి ఆ గదిలో దించాడు. తాళం కూడా తనదే వేసుకున్నాడు. పది రోజులు అయిపోయాయి, ఎండాకాలం అయిపోయింది. పెట్టెలు మాత్రం పోలేదు. పాతవి వెళ్తే కొత్తవి వచ్చేవి. ఏడాది తర్వాత పద్మలత ధైర్యం చేసి అడిగింది.

“ఆ గదిల ఫ్యాన్లు లేవు మేడం. వైరింగ్ ఖరాబైంది. ఆడపిల్లలకు ఏమన్న అయితే ఎవ్వలది జిమ్మేదారి?” అన్నాడు ఆయన.

ఊరంతటికీ ఫ్యాన్లు అమ్మే మనిషి ఆ మాట అన్నాడు. పద్మలత తల ఊపి వచ్చేసింది. మళ్లీ అడగలేదు.

పెద్ద హాలు ఉద్యోగ పరీక్షలకు చదివే అబ్బాయిలతో నిండిపోయేది. గేటు తీసిన పావుగంటకే కుర్చీలన్నిటి మీదా తువ్వాళ్లో నీళ్ల సీసాలో ఉండేవి. పొద్దున హాస్టల్లో బకెట్ల దగ్గర లైనులో నిలబడి వచ్చే ఆడపిల్లలకు కుర్చీ దొరికేది కాదు. దొరికినా, రెండు మోచేతుల మధ్య ఇరుక్కుని చదవడం వాళ్లకు ఇబ్బందిగా ఉండేది. అందుకని ఉత్తరం వైపు తాళం వేసిన గది ముందున్న మెట్ల మీద కూర్చునేవాళ్లు. ఎండకు దుపట్టాలు కప్పుకునేవాళ్లు, జల్లు కొడితే గొడుగు విప్పి పుస్తకానికి పట్టేవాళ్లు. పద్మలత రోజూ ఆ మెట్ల పక్క నుంచే వెళ్లేది. చూసీ చూసీ అదొక మామూలు సంగతైపోయింది.

బొమ్మల ప్రదర్శన ఆలోచన సారంగపాణిది. దుకాణాల మీద, లారీల మీద, సినిమా హాళ్ల మీద అక్షరాలు రాసి బతికిన మనిషి ఆయన. ఫ్లెక్సీలు వచ్చాక పని పోయింది. డెబ్బై దాటిన వయసులో ఆదివారాలు లైబ్రరీకి వచ్చి, పిల్లల పుస్తకాల మూలలో చాప పరిచి బొమ్మలు నేర్పేవాడు. ఎవరొచ్చినా కాదనేవాడు కాదు. బడిపిల్లలు వచ్చేవాళ్లు, కాలేజీ పిల్లలు వచ్చేవాళ్లు, ఖిలా వరంగల్‌లో టూరిస్టులకు తోరణాల బొమ్మలు గీసి అమ్మే ఇద్దరు అన్నదమ్ములు కూడా ఒక్కోసారి వచ్చి కూర్చునేవాళ్లు.

“ఇంతమంది గీస్తాండ్రు, ఇంట్ల పెట్టెలల్ల పెట్టుకుంటాండ్రు. ఎవ్వలు చూస్తాండ్రు బిడ్డా? గోడలు ఉన్నయ్, మనుషులు వస్తాండ్రు. పెడదాం,” అన్నాడు ఆయన ఒకరోజు. పద్మలతకు ఆ మాట నచ్చింది. అలా ఉత్తరాలు రాసింది.

శనివారం మధ్యాహ్నానికి నలభై రెండు బొమ్మలు గోడలకెక్కాయి. అటెండర్ రాయమల్లు నిచ్చెన పట్టుకుంటే సారంగపాణి స్వయంగా మేకులు కొట్టాడు. రామప్ప గుడి స్తంభాలు, బతుకమ్మలు, వేయిస్తంభాల గుడి ముందు కొబ్బరికాయల బండి, ఒక ఆరో తరగతి పిల్లవాడు గీసిన వాళ్ల నాన్న ఆటో. హాలులో చదువుకునే అబ్బాయిలు కూడా పుస్తకాలు మూసి లేచి చూశారు.

నలభై మూడోది స్రవంతి తెచ్చింది. పాలంపేట దగ్గరి ఒక ఊరి పిల్ల. అమ్మానాన్నలు కూలికి పోతారు. హనుమకొండలో హాస్టల్లో ఉండి డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతోంది. ఎక్కువ మాట్లాడదు. మొదట్లో నోటుబుక్కు వెనక అట్టల మీద బాల్‌పెన్నుతో గీసేది. సారంగపాణి తన రంగుల డబ్బా ఆ పిల్లకిచ్చేశాడు.

ఆ బొమ్మను గోడకు తగిలించి, ఆయన రెండడుగులు వెనక్కి వచ్చి నిలబడ్డాడు. పద్మలత పక్కకు వచ్చి చూసింది.

ఉత్తరం వైపు మెట్లు. మెట్ల మీద ఏడుగురు అమ్మాయిలు, ఒకే ఒక గొడుగు. గొడుగు మనుషుల మీద లేదు, పుస్తకాల మీద ఉంది. తడిసిన జడలు, మెట్ల కింద వరసగా విడిచిన చెప్పులు. వాళ్ల వెనక తాళం వేసిన తలుపు. తలుపు పక్కన పగిలిన కిటికీ అద్దంలోంచి లోపలి గది కనిపిస్తోంది. కప్పు దాకా పేర్చిన అట్టపెట్టెలు, ఒక్కొక్క పెట్టె మీదా ఎర్రటి వలయంలో ఫ్యాను గుర్తు. చౌరస్తాలో ఆ గుర్తు ఎవరిదో చిన్నపిల్లలను అడిగినా చెప్తారు.

అది చూసి పద్మలతకు మొదట నవ్వొచ్చింది. తర్వాత బొమ్మ అంచున ఉన్న ఇంకో మనిషి కనబడింది. ఆకుపచ్చ చీర కట్టుకుని, చేతిలో తాళాల గుత్తితో, మెట్ల పక్క నుంచి నడిచిపోతున్న ఆడమనిషి. ఆమె ముఖం అటువైపు తిరిగి ఉంది.

ఆ చీర తనది. తాళాల గుత్తీ తనదే.

ఒళ్లంతా ఎవరో ఉప్పునీళ్లు చల్లినట్టయింది. రోజూ ‘నమస్తే మేడం’ అని తలవంచుకుని పోయే ఈ పిల్ల తనను ఇలా చూస్తోందా? కోపం వచ్చింది. కోపం ఎవరి మీదో తేల్చుకోకముందే బయట కారు ఆగిన చప్పుడైంది.

ఓంప్రకాశ్ ఏర్పాట్లు చూడటానికి వచ్చాడు. తెల్లచొక్కా, నుదుట కుంకుమ, చేతిలో రెండు ఫోన్లు. రామప్ప ముందు నిలబడి “వాహ్” అన్నాడు. ఆటో బొమ్మ చూసి నవ్వాడు. ఒక్కొక్కటే దాటుకుంటూ వచ్చి స్రవంతి బొమ్మ దగ్గర ఆగాడు. ఆయన నవ్వు అలాగే కాసేపు ముఖం మీద ఉండి, తర్వాత పోయింది.

“ఇదేంది?”

ఆయన వంగి అట్టపెట్టెల మీది గుర్తును దగ్గరగా చూశాడు.

“ఇది ఎవ్వలు గీసిన్రు?”

“మన దగ్గర చదువుకునే అమ్మాయే సార్. స్రవంతి,” అంది పద్మలత.

“తీసెయ్.”

“సార్, పిల్ల కష్టపడి గీసింది…”

“మన లైబ్రరీల కూసొని, మన కరెంటు, మన నీళ్లు వాడుకుంట, మనల్నే బద్నాం చేస్తదా? రేపు పేపరోళ్లు వస్తరు. ఇది ఫోటో కొట్టి ఏస్తే నా ఇజ్జత్ ఏం గావాలె? కళ అంటే అందం ఉండాలె మేడం. పూలు గీయమను, గుడి గీయమను. పెట్టెలు గీసుడేంది?”

“పెట్టెలు ఉన్నయ్ కాబట్టి గీసింది సేటూ,” అన్నాడు సారంగపాణి వెనక నుంచి.

ఓంప్రకాశ్ ఆయన వైపు చూడను కూడా చూడలేదు. పద్మలతతోనే అన్నాడు. “ఇదొక్కటి తీస్తవా, నలభై మూడు తీపియ్యాల్నా? నువ్వే చెప్పు. నాకైతే రెండూ ఒకటే.”

పద్మలత గోడలంతా చూసింది. ఆటో గీసిన పిల్లవాడు రేపు వాళ్ల నాన్నను అదే ఆటోలో తెస్తానన్నాడు. నలభై రెండు ఇళ్ల నుంచి మనుషులు వస్తారు. ఒక్కదాని కోసం అన్నీ పోగొట్టాలా? అలా అనుకుని చేయి చాపి బొమ్మ తీసింది. తీస్తున్నప్పుడు లోపల ఎక్కడో కొంచెం హాయిగా అనిపించింది. ఆ ఆకుపచ్చ చీర రేపు ఎవరి కంటా పడదు కదా. ఆ హాయికి ఆమెకు ఆ క్షణంలో సిగ్గు కూడా కలగలేదు. అది తర్వాత కలిగింది.

కారు వెళ్లిపోయాక సారంగపాణి సుత్తి బల్ల మీద పెట్టాడు.

“మేకు కొట్టింది నేను. గుంజింది నువ్వా బిడ్డా?”

“ఏం చెయ్యమంటవ్ కాకా? అన్నీ తీపిస్త అంటాండు.”

“తీపియ్యనియ్యకపోయినవా. తీసినోడు వాడయితుండె. ఇప్పుడు తీసింది నువ్వయితివి,” అన్నాడు ఆయన. “ఆ తలుపు మీద ‘స్త్రీల పఠన మందిరం’ అని రాసింది ఎవ్వలనుకున్నవ్? నేనే. మూడు రోజులు పట్టింది. వాళ్లు పైనుంచి సున్నం కొట్టిన్రు. నేను చూసుకుంటనే ఊకున్న. నాకూ సిగ్గు లేదు, నీకూ లేదు.” సంచి భుజానికి వేసుకుని వెళ్లిపోయాడు.

పద్మలత బొమ్మను తన బీరువాలో, స్టాకు రిజిస్టర్ల పక్కన నిలబెట్టి మూసింది.

ఆదివారం పొద్దున పది గంటలకే లైబ్రరీ నిండిపోయింది. బయట సన్నగా వాన. మామూలుగా లైబ్రరీ గుమ్మం తొక్కని మనుషులు చెప్పులు విడిచి, కొంగుతో తలలు తుడుచుకుంటూ లోపలికి వచ్చారు. తమ పిల్లల పేర్లు బొమ్మల కింద చదివించుకుని మురిసిపోయారు. ప్రవేశం దగ్గర ఓంప్రకాశ్ ఫోటోతో నిలువెత్తు ఫ్లెక్సీ ఉంది. సారంగపాణి కూడా వచ్చాడు గానీ పద్మలతతో మాట్లాడలేదు.

స్రవంతి వాళ్లమ్మను తీసుకొచ్చింది. సమ్మమ్మ ఆమె పేరు. నాట్ల రోజులు. గుంపులో ఒక మనిషి తగ్గితే మేస్త్రి మాటలంటాడు. అయినా ఆమె పని వదిలి మొదటి బస్సుకే బయలుదేరి వచ్చింది. గోళ్లలో ఇంకా బురద ఉంది. కొత్త చీర మడతలు విప్పినట్టే ఉన్నాయి. చదువు రాదు కాబట్టి బొమ్మల కిందున్న పేర్లు చూడలేదు. ఒక్కొక్క బొమ్మ ముందూ నిలబడి కూతురి ముఖం వైపు చూస్తోంది, ఇదేనా అన్నట్టు. స్రవంతి తల అడ్డంగా ఊపుతూ వస్తోంది. గోడ చివరికొచ్చారు. అక్కడ ఒక మేకు ఉంది. బొమ్మ లేదు.

సమ్మమ్మ పద్మలత దగ్గరికి వచ్చింది.

“బిడ్డా, మా పిల్ల బొమ్మ యాడున్నది? గోడకు పెట్టిన్రని ఫోన్ల చెప్పింది. సూద్దామని అచ్చిన.”

పద్మలత నోటికి ఏదొస్తే అది చెప్పింది. “ఫ్రేము పగిలిందక్కా. రిపేరుకు పంపినం.”

“అయ్యో. మల్ల ఎప్పుడొస్తది?”

“వస్తది… చూద్దాం.”

“గంత దూరం నుంచి అస్తిని గదా,” అంది సమ్మమ్మ. నిష్ఠూరంగా కూడా అనలేదు. “ఏం జేత్తం తియ్యి. పగిలినదానికి ఎవ్వలేం జేత్తరు.” పోయి గోడ పక్కన కింద కూర్చుంది.

స్రవంతి మాత్రం అక్కడే నిలబడింది. ఆ బొమ్మకు ఫ్రేమే లేదు. అట్టకు అంటించి, వెనక దారం కట్టి తెచ్చింది తను. ఆ సంగతి పద్మలతకు అబద్ధం బయటికి వచ్చాక గుర్తొచ్చింది.

“మేడం,” అంది ఆ పిల్ల మెల్లగా. “మిమ్మల్ని గీసిన్నని తీసేసిన్రా?”

పద్మలత బీరువా వైపు చూసింది.

“తప్పయింది మేడం. కావాలని గీయలె. మీరు రోజు అట్లనే పోతరు గదా, అందుకే గీసిన. ఆ పచ్చ చీర కనబడకుండ చేసి మల్ల తెస్త. రంగు ఉన్నది, పదినిమిషాల పని. అమ్మ ఒక్కసారి చూసి పోతది. మల్ల తీసెయ్యండ్రి.”

తప్పు చేసింది ఎవరు? తప్పయిందంటున్నది ఎవరు? నాలుగేళ్లు వానలో కూర్చుని చదివిన పిల్లలు. వాళ్లలో ఒకరు, ఉన్నది ఉన్నట్టు గీసినందుకు, తన చేత్తో తానే చెరిపి తెస్తానంటోంది. తల్లికి ఒక్కసారి చూపించుకోవడానికి తనను బతిమాలుతోంది. ఓంప్రకాశ్ మీద వచ్చిన కోపం కన్నా, నిన్న బొమ్మ తీస్తున్నప్పుడు కలిగిన ఆ కొంచెం హాయి మీద పద్మలతకు ఎక్కువ కోపం వచ్చింది.

“ఏం చెరపకు,” అంది. “ఈడనే ఉండు.”

అప్పటికే ఓంప్రకాశ్ మైకు పట్టుకున్నాడు. రిబ్బను కత్తిరించడం అయిపోయింది. ముందు వరసలో ఇద్దరు విలేకరులు, ఒక రిటైర్డ్ కాలేజీ ప్రిన్సిపాల్, కమిటీ సభ్యులు కూర్చున్నారు.

“నర్సమ్మగారి ఆశయం ఏంది? ఆడపిల్ల చదువుకోవాలె. ఆ ఆశయాన్ని నిలబెడుతున్న లైబ్రరీ మనది. ఈ లైబ్రరీల ఆడపిల్లలకు ఏ తక్లీఫ్ లేకుండ చూసుకుంటున్నం…”

పద్మలత బీరువా తీసింది. రేకు తలుపు కిర్రుమంది. అందరూ తల తిప్పారు. ఆమె బొమ్మను రెండు చేతులతో పట్టుకుని, కుర్చీల మధ్య నుంచి నడిచి, ఖాళీగా ఉన్న మేకుకు తగిలించింది. దారం ఒకసారి జారింది. సారంగపాణి లేచి వచ్చి దారం సరిచేశాడు.

“మేడం, ఏం చేస్తానవ్?” మైకులోనే అన్నాడు ఓంప్రకాశ్.

“నలభై మూడో బొమ్మ సార్. నిన్న నేనే తీసిన. తీయమన్నది మీరు, తీసింది నేను. తప్పు చేసిన. మళ్ల పెడ్తాన.”

“మేడం, నిన్ననే చెప్పిన. తర్వాత మాట్లాడుకుందాం.”

“తర్వాత అనుకుంటనే నాలుగేండ్లయింది సార్. పది రోజులన్నరు. ఆ గది ఆడపిల్లలదని దస్తావేజుల ఉన్నది. మీ కూలర్లు లోపల ఉన్నయ్, వాళ్లు బయట ఉన్నరు. ఇప్పుడు గూడ బయటనే ఉన్నరు, చూడుండ్రి.”

హాలులో కూర్చోడానికి చోటు లేక ఉత్తరం వైపు గుమ్మంలో నిలబడ్డ అమ్మాయిలు నిజంగానే సగం తడిసి ఉన్నారు. జనం మెడలు తిప్పి వాళ్లను చూశారు, మళ్లీ బొమ్మను చూశారు.

సమ్మమ్మ లేచి వచ్చింది. ఇదే తన కూతురి బొమ్మ అని ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది ఆమెకు. ముఖం దగ్గరగా పెట్టి, తాకకుండా, వేలితో చూపిస్తూ అడిగింది.

“గీ పిల్ల నువ్వే గదా స్రవంతీ? గీ ఎనకాల పెట్టెలేంది?”

“కూలర్లమ్మా. ప్రెసిడెంట్ సార్ దుకాణంవి.”

“గది ఎవ్వలది?”

“మాదే. చదువుకునేటందుకు కట్టిచ్చింది.”

సమ్మమ్మ ఓంప్రకాశ్ వైపు తిరిగింది. ఆమె గొంతు పెద్దది. పొలంలో ఈ గట్టు నుంచి ఆ గట్టుకు వినిపించే గొంతు. మైకు లేకపోయినా హాలంతా వినిపించింది.

“ఏమయ్యా, అట్టపెట్టెలకేమో నీడ, మా పిల్లలకేమో వానా? మేం ఒంగి ఒంగి నడుములు ఇరగ్గొట్టుకుంటాన్నది దీన్ని మెట్ల మీద కూసోబెట్టెటందుకా?”

“అమ్మా, నీకు తెల్వదు, గదిల వైరింగ్…”

“వైరింగ్ ఖరాబైతే నీ పెట్టెలు కాలవా?” అంది పద్మలత.

ఎవరో నవ్వారు. ఇంకెవరో చప్పట్లు కొట్టారు. అప్పటిదాకా చూస్తూ కూర్చున్న అబ్బాయిల్లో ఒకడు లేచి, “గది చూద్దాం పదండ్రి,” అన్నాడు. అంతే, కుర్చీలు జరిగాయి. జనమంతా ఉత్తరం వైపుకు కదిలారు. వానలోనే నిలబడి పగిలిన అద్దంలోంచి ఒకరి తర్వాత ఒకరు లోపలికి చూశారు. పెట్టెలు కప్పు దాకా ఉన్నాయి. ఎర్ర వలయాలు ఉన్నాయి. పెట్టెల వెనక, గోడవారగా బోర్లించిన చదువుకునే బల్లలు కూడా ఉన్నాయి. స్రవంతికి అవి కనబడక గీయలేదు.

“తాళం తీయండి సార్,” అన్నాడు రిటైర్డ్ ప్రిన్సిపాల్.

“చెవి దుకాణంల ఉన్నది. ఇయ్యాల ఆదివారం,” అన్నాడు ఓంప్రకాశ్. అందరి ముందూ తమాషా చేయడానికేనా ఈ మేడంకు జీతం ఇస్తున్నది అని కమిటీ సభ్యులతో గట్టిగా అని, కారెక్కి వెళ్లిపోయాడు. విలేకరులు ఫోటోలు తీసుకున్నారు.

సోమవారం పద్మలతకు మెమో వచ్చింది. అధ్యక్షుల వారిని బహిరంగంగా అవమానించినందుకు, అనుమతి లేని చిత్రాన్ని ప్రదర్శించినందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలన్నారు. మంగళవారం ఒక పత్రిక లోపలి పేజీలో స్రవంతి బొమ్మ, కిటికీలోంచి తీసిన ఫోటో పక్కపక్కనే వేశారు. బుధవారం లైబ్రరీకి వచ్చిన ప్రతి ఆడపిల్లా, గది ఖాళీ చేసి ఇవ్వాలని రాసిన ఒక తెల్లకాగితం మీద సంతకం చేసింది. ఎక్కువమంది అబ్బాయిలూ చేశారు. ఇద్దరు మాత్రం, మనకెందుకు ఈ లొల్లి, ఉన్న సీటు కూడా పోతది అని తల వంచుకుని కూర్చున్నారు. రాయమల్లు తన సంతకం చివర పెట్టి, “మేడం, నా నౌకరీ ఉంటదా?” అని అడిగాడు. ఆమె నిజమే చెప్పింది, తెలియదంది. అయినా అతను సంతకం కొట్టేయలేదు.

ఎనిమిదో రోజు రెండు ట్రాలీ ఆటోలు వచ్చి పెట్టెలు ఎత్తుకుపోయాయి. గది ఖాళీ అయిందని పద్మలత సంతోషపడింది. ఆ సంతోషం మర్నాడు పొద్దున పేపరు తెరిచేదాకానే ఉంది. అందులో ఓంప్రకాశ్ నవ్వుతూ, ఆ గది గుమ్మం ముందు, ఇంకో రిబ్బను కత్తిరిస్తున్నాడు. ఆయన చొరవతో విద్యార్థినుల కోసం ప్రత్యేక పఠన గది ప్రారంభమైందట. తన సొంత దుకాణం నుంచి రెండు ఫ్యాన్లు విరాళంగా ఇచ్చాడట. ముందురోజు సాయంత్రం లైబ్రరీ మూశాక ఎవరినో వెంటబెట్టుకొచ్చి ఆ ఫోటో తీయించుకున్నాడని రాయమల్లు చెప్పాడు.

పద్మలత ఆ పేపరును నలిపి బుట్టలో పారేసింది. కాసేపటికి మళ్లీ తీసి, సాపు చేసి, సంతకాల కాగితం నకలు జతపెట్టి, జరిగింది జరిగినట్టు రాసి ఆ పత్రికకే పంపింది. వాళ్లు వేయలేదు. రెండోసారి పంపింది. ఉత్తరాల పేజీలో నాలుగు వాక్యాలకు కుదించి వేశారు. ఆ నాలుగు వాక్యాల్లో ‘నాలుగేళ్లు’ అన్న మాట మిగిలింది. అది చాలన్నాడు సారంగపాణి. చాలదని ఆమెకు తెలుసు.

నెలాఖరున కమిటీ కూర్చుంది. ఐదుగురు మగవాళ్లు, బల్ల మీద జీడిపప్పు బిస్కట్లు. పద్మలతకు కుర్చీ వేయలేదు. ఆమే ఒకటి జరుపుకుని కూర్చుంది.

“చూడమ్మా, గది ఇచ్చినం. ఫ్యాన్లు ఇచ్చినం. ఇంక ఏం గావాలె నీకు?” అన్నాడు ఓంప్రకాశ్. “ఒక్క ముక్క క్షమాపణ రాసియ్యి. లొల్లి ఒడుస్తది. నేను మనసుల పెట్టుకునేటోణ్ని గాదు.”

“మీరు ఇచ్చుడేంది సార్? అది నర్సమ్మ భర్త ఇచ్చింది. మీరు పట్టుకున్నది మళ్ల ఇడిసిపెట్టిన్రు, అంతే.”

“నోరు జర సంభాళించుకో.”

“తొమ్మిదేండ్లు సంభాళించుకున్న. క్షమాపణ నేను చెప్పుకునేటోళ్లకు చెప్పుకున్న సార్. ఆ పిల్లలను కూసోబెట్టి, రోజు వాళ్లను మెట్ల మీద చూసుకుంట నేను నోరు మూసుకొని పోయిన, నాది తప్పు అని చెప్పిన. సమ్మమ్మకు ఫోన్ చేసి, ఫ్రేము పగల్లేదు, అబద్ధం చెప్పిన్నని చెప్పిన. ఇంక నా దగ్గర క్షమాపణ లేదు. మీరే ఎవ్వలకన్న చెప్పాల్సింది ఉంటే చూసుకోండ్రి.”

వాళ్లు ఆమె సర్వీసు పుస్తకంలో హెచ్చరిక రాశారు. ఆమె దాని కింద ‘ఈ అభిప్రాయంతో నేను ఏకీభవించడం లేదు’ అని రాసి, సంతకం చేసి, బయటికి వచ్చింది. 

ఉత్తరం గదిలో ఇరవై మంది దాకా అమ్మాయిలు ఉన్నారు. బల్లలు తుడిచి వేసుకున్నారు. విరాళమిచ్చిన రెండు ఫ్యాన్లలో ఒకటి తిరగడం లేదు. కప్పు మూలన నీళ్లు కారి గోడ ఉబ్బింది. నాలుగేళ్లు పెట్టెల వెనక ఎవరూ చూడని మూల అది. స్రవంతి కిటికీ పక్కన కూర్చుని రాజనీతిశాస్త్రం నోట్సు రాసుకుంటోంది.

“ఏమన్నరు మేడం?” అని అడిగింది.

“వార్నింగ్ ఇచ్చిన్రు,” అంది పద్మలత.

ఆ పిల్ల ముఖం మారింది. “మా కోసమే గదా మేడం…”

“మీ కోసం గాదు,” అంది పద్మలత, అనుకున్నదానికంటే గట్టిగా. “మీకు రావాల్సింది మీకు వచ్చింది. ఎవ్వలకూ రుణపడకుండ్రి, నాకు గూడ.”

రాయమల్లును పిలిచి నిచ్చెన తెమ్మంది. కారే మూలను, తిరగని ఫ్యానును తన ఫోన్లో ఫోటోలు తీసింది. ఆ మధ్యాహ్నమే కూర్చుని కమిటీకి ఉత్తరం రాసి, నకలు తన దగ్గర ఉంచుకుంది.